బోర్లించిన కప్పులు

నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల జరుగుతుంది, రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. మర్నాడు పొద్దున్నే పాస్టరు భార్య చేసే మొదటి పని కప్పులు కడగడం. బొటనవేలంత గాజు కప్పులు. ఒక్కొక్కరూ ఒక్కోటి తీసుకుని, కళ్ళు మూసుకుని, ఒక్క గుక్కలో ద్రాక్షరసం తాగి పళ్ళెంలో పెట్టేసి వెళ్ళిపోతారు. తాగినవాళ్ళ పాపాలు పోతాయో లేదో గానీ, కప్పు అడుగున ఊదారంగు మరక మాత్రం ఓ పట్టాన పోదు. రాత్రంతా ఆరి బిగుసుకుంటుంది. లోపలికి వేలు పట్టదు. పాలసీసాలు కడిగే బ్రష్షు కొస దూర్చి తిప్పాలి. పిల్లలు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయినా ఆ ఇంట్లోకి పాలసీసా బ్రష్షు కొత్తది వస్తూనే ఉంది.

కడిగినవాటిని గుడ్డతో తుడిచి, పళ్ళేల్లో వరసగా బోర్లించి, పైన తెల్లగుడ్డ కప్పి, చర్చి వెనక గదిలో పెట్టి వస్తుంది. మళ్ళీ నెల బల్ల రోజున, గంట కొట్టకముందే వెళ్ళి వాటిని తిరగేసి నింపుతుంది. రసం కూడా ఆమే కాస్తుంది. పళ్ళు ఉడికించి, పిండి, వడగట్టి సీసాల్లో పోసి వెనక గది అరలో పెడుతుంది. రొట్టె బేకరీ నుంచి వస్తుంది. తెచ్చేది సంఘపెద్దల్లో ఒకాయన. అందుకని రొట్టె ఎవరు తెస్తారో చర్చిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. రసం మాత్రం దానంతటదే వస్తుంది.

ఆమె పుస్తకాలన్నీ ఆ సింకు దగ్గరే పుట్టాయి. చేతులు నీళ్ళలో ఉన్నప్పుడు బుర్ర ఖాళీగా ఉంటుంది, ఖాళీ బుర్రలోకి మాటలొస్తాయి. చేతులు తుడుచుకుని కాగితం అందుకునేలోపు బయట ఎవరో "అమ్మగారూ!" అంటారు. ఒకామెకి కూతురి పెళ్ళికి కుర్చీలు కావాలి. ఇంకొకామె మొగుడు మళ్ళీ తాగొచ్చాడు. వాళ్ళని కూర్చోబెట్టి, విని, టీ ఇచ్చి, ప్రార్థన చేసి పంపించేసరికి వచ్చిన మాటల్లో సగం పోతాయి. మిగిలిన సగంతోనే ఆమె పుస్తకాలు రాసింది. చర్చి పాచిపోతోందని ఆమె బాధ. అవే పాటలు, అదే ప్రసంగం, అవే మొహాలు అవే బెంచీల్లో. మొదటి పుస్తకం పాటల గురించి. ముసలివాళ్ళ పాటలు కుర్రాళ్ళూ, కుర్రాళ్ళ పాటలు ముసలివాళ్ళూ నేర్చుకోవాలని రాసింది. ఆ మాటే ఆమె భర్త ప్రసంగంలో చెప్పాడు. "నేను ఇంట్లో ఎప్పుడూ అంటూ ఉంటాను," అని మొదలుపెట్టి చెప్పాడు. ఇంట్లో ఆయన ఎప్పుడూ అనేది "ఉప్పు తగ్గింది" అని. రెండో పుస్తకం ప్రసంగాలు పొట్టిగా ఉండాలని. దాని గురించి ఆయన చాలా పొడుగ్గా ప్రసంగించాడు.

మూడో పుస్తకం పేరు 'వెనక గది'. ఊడ్చేవాళ్ళు, పూలు పెట్టేవాళ్ళు, టీ కాచేవాళ్ళు, తెరలు కుట్టేవాళ్ళు, అందరూ ఆడవాళ్ళే. ఆరాధన మొదలయ్యేసరికి అలిసిపోయి వెనక గోడకి ఆనుకుంటారు. వాళ్ళని ముందు బెంచీలో కూర్చోబెట్టి, పనులు మగవాళ్ళు అందుకుంటే తప్ప ఏ చర్చికీ కొత్త ఊపిరి రాదని రాసింది. చదివి ఆయన అన్నాడు, "బాగానే ఉంది. కాస్త కారం తగ్గించు. పాస్టరు భార్యవి, యూనియన్ లీడరువి కాదు." ఆమె కారం తగ్గించలేదు. ఆయనా పట్టించుకోలేదు, ఎందుకంటే రెండో చాప్టరు దాటి చదవలేదు. అట్ట మీద ఆమె పేరు చిన్న అక్షరాల్లో వేశారు, దాని కింద పెద్ద అక్షరాల్లో 'పాస్టరుగారి సతీమణి' అని. ముందుమాట బిషప్పుగారు రాశారు. భార్యకి ఇంత స్వేచ్ఛ ఇచ్చిన భర్త దొరకడం దేవుడి కృప అన్నారు. ఆ ముందుమాట పాస్టరుగారు మూడుసార్లు చదివాడు.

అత్తగారు మాత్రం ఒక్క పేజీ తిరగేయలేదు. ఆవిడా పాస్టరు భార్యే. ఆ చర్చిలోనే, ఆ కప్పులే, మోకాళ్ళు అరిగేదాకా కడిగింది. "రాసుకో అమ్మాయ్, రాసుకో," అనేది. "కూర మాడకుండా చూసుకుని రాసుకో. మాడితే నీ రాతలు వడ్డించుకుని తినలేం కదా."

ఒకసారి పాస్టర్ల భార్యల మీటింగులో కొత్తగా పెళ్ళయిన పిల్ల ఒకతి ఆమె చెయ్యి పట్టుకుంది. పుస్తకం గుండెకి అదుముకుని, "మీ చర్చిలో ఇలాగే చేస్తారా అమ్మగారూ? చేస్తే ఒకసారొచ్చి చూస్తాను. మా ఆయనకి కూడా చూపిస్తాను," అంది. ఆమె నోరు తెరిచేలోపు, ప్రసంగానికొచ్చి పక్కనే ఉన్న ఆమె భర్త అందుకున్నాడు. "మా దగ్గర ఎప్పుడో మొదలుపెట్టాం తల్లీ." ఆ పిల్ల కళ్ళల్లో వెలుగొచ్చింది. ఆ వెలుగు ఆమెకి చాలాకాలం నిద్రపట్టనివ్వలేదు. పుస్తకంలో ఉన్నది అబద్ధం కాదు. పుస్తకం రాసినామె బతుకు అబద్ధం. తను చేయలేనిది ఊళ్ళో ఆడవాళ్ళందరినీ చేయమంటోంది. అలాంటి మనిషిని ఏమంటారో ఆమెకి తెలుసు. ఆ మాట తనకి తను అనుకోవడం ఇష్టంలేక కప్పులు ఇంకాస్త గట్టిగా తోమేది.

ఆ పిల్ల నిజంగానే వస్తానని కబురు పెట్టింది. మొగుడితో సహా, వచ్చే బల్ల ఆదివారానికి. దాంతో పాస్టరుగారిలో చలనం వచ్చింది. ముందు వారం పుల్పిట్ మీద నుంచి ప్రకటించేశాడు. "వచ్చే ఆదివారం వెనక గది ఆడవాళ్ళెవరూ ఒక్క పనీ ముట్టుకోకూడదు. ఇది నా ఆజ్ఞ. అందరూ ముందు బెంచీలో కూర్చోవాలి. మా ఇంటావిడతో సహా!" జనం చప్పట్లు కొట్టారు. టీ కాచే పిన్ని మాత్రం వెనకనుంచి, "మరి చక్కెర డబ్బా ఎక్కడుందో చెప్పమంటారా, అదీ ముట్టుకోకూడదా?" అంది. అందరూ నవ్వారు.

చర్చి సెక్రటరీ, గుమాస్తాగిరీ చేసి రిటైరైన మనిషి. పనులు పంచడమంటే ప్రాణం. ఆరాధన అవగానే మగవాళ్ళని చుట్టూ నిలబెట్టి గట్టిగా పురమాయించాడు. ఊడ్పు నీది, పూలు నీవి, టీ నీది, మైకు నీది, పళ్ళేలు తెచ్చి బల్ల మీద పెట్టేది మీ ఇద్దరూ. ఆమె తలుపు దగ్గర నిలబడి విన్నది. కప్పులు నింపేది ఎవరో ఆయన చెప్పలేదు. మర్చిపోయాడా అంటే మర్చిపోలేదు. మర్చిపోవాలంటే ముందు తెలిసుండాలి. అలాంటి పని ఒకటుందని అక్కడ ఒక్క మగవాడికీ తెలియదు.

ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. "ఏమండీ, కప్పుల సంగతి ఎవరికీ చెప్పలేదు."

ఆయన ఫోన్లో ఉన్నాడు. చేత్తో ఫోను మూసి, "అబ్బా, అన్నీ సెక్రటరీ చూసుకుంటాడు. నీకు ఊరికే కూర్చోవడం చేతకాదు, అదీ నీ జబ్బు. కూర్చోవడం నేర్చుకో," అన్నాడు.

ఆ మాట ఆమె వారమంతా నెమరేసింది. చపాతీ ఒత్తుతూ, ఆయన ఆరాధనలో వేసుకునే తెల్ల గౌనుకి గంజి పెడుతూ, ఇస్త్రీ చేస్తూ. కూర్చోవడం చేతకాదు. నిజమే. ఆయన భోజనం చేస్తుంటే నిలబడుతుంది. వచ్చినవాళ్ళు కూర్చుంటే నిలబడుతుంది. చివరికి ఆరాధనలో కూడా, ఎవరికి ఏం కావాల్సొస్తుందోనని, కూర్చున్నా లేవడానికే కూర్చుంటుంది.

శనివారం సాయంత్రం అత్తగారు మంచం మీద నుంచి కేకేసింది. "అమ్మాయ్, వెనక గదిలో రసం సీసాలు ఇవతలకి తీసి పెట్టావా?"

"ముట్టుకోవద్దన్నారు అత్తయ్యా."

"అంటారు. పుల్పిట్ ఎక్కితే ఎన్నో అంటారు. అవి వినడానికి. పొద్దున్నే గప్‌చుప్‌గా వెళ్ళి నింపేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి ముందు కూర్చో. ఆయన మాటా నిలబడుతుంది, పనీ అవుతుంది."

"మీరు అలాగే చేసేవారా?"

అత్తగారు అటు తిరిగి పడుకుంది. దుప్పటి సర్దుకుంది.

ఆదివారం పొద్దున కాళ్ళు వాటంతటవే వెనక గదివైపు నడిచాయి. బయటి తలుపు దాకా వెళ్ళింది. గొళ్ళెం మీద చెయ్యి వేసింది. అప్పుడే గేటు దగ్గర ఆ కొత్త పెళ్ళికూతురు రిక్షా దిగుతోంది, వెనక మొగుడు. నింపేస్తే ఆ పిల్ల చూసేది ఇదే. మగవాళ్ళు పూలు పెట్టారు, చీపురు పట్టారు, అన్నీ హాయిగా జరిగిపోయాయి. ఇంటికెళ్ళి ఆ పిల్ల కూడా పొద్దున్నే లేచి దొంగతనంగా కప్పులు నింపుకుంటుంది. ఆమె గొళ్ళెం వదిలేసింది. వెళ్ళి ముందు బెంచీలో, అత్తగారికీ టీ పిన్నికీ మధ్య కూర్చుంది.

ఆరాధన బాగానే నడిచింది. పూలు ఒకవైపే ఒరిగాయి గానీ పూలే. ఊడ్చినచోట దుమ్ము మూలకి చేరింది గానీ ఊడ్చారు. ఇద్దరు కుర్రాళ్ళు తెల్లగుడ్డ కప్పిన పళ్ళేలు తెచ్చి బల్ల మీద పెట్టారు. తేలిగ్గా ఉన్నాయని వాళ్ళకి అనుమానం రాలేదు. నిండు పళ్ళెం బరువెంతో తెలిస్తే కదా. పాస్టరు 'వెనక గది' పుస్తకం చేత్తో పైకెత్తి, ఆడవాళ్ళని గౌరవించడం మా ఇంట్లోనే మొదలైందని చెప్పాడు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. రొట్టె విరిచి పంచాడు. తర్వాత పళ్ళెం మీద గుడ్డ తీశాడు.

కప్పులన్నీ బోర్లించి ఉన్నాయి. తళతళలాడుతున్నాయి.

ఆయన రెండో పళ్ళెం గుడ్డ తీశాడు. అదీ అంతే. తలెత్తి సెక్రటరీని చూశాడు. సెక్రటరీ కుర్రాళ్ళని చూశాడు. కుర్రాళ్ళు కప్పుల్ని చూశారు. చివరికి అందరి చూపులూ చేరాల్సిన చోటికే, ముందు బెంచీకి చేరాయి. భర్త కనుబొమలు పైకి లేచాయి. చుట్టాల ముందు మంచినీళ్ళు అయిపోయినప్పుడు లేచే కనుబొమలు అవి. వాటికి ఆమె లేవని రోజు లేదు.

ఆమె తొడల కండలు బిగిశాయి. అరచేతులు మోకాళ్ళ మీద పెట్టి అదిమి పట్టుకుంది.

పక్కన అలికిడైంది. అత్తగారు లేస్తోంది. కూర్చున్న బెంచీ అంచు పట్టుకుని, అరిగిన మోకాళ్ళ మీద బరువు మోపి, పళ్ళు బిగించి. కొడుకు పరువు పోతోంది, ఎవరో ఒకరు వెళ్ళాలి. ఆమెకి ఒళ్ళు మండింది. ఇదీ మగవాళ్ళకున్న బలం. ఒకామె కూర్చుంటే ఇంకొకామె లేస్తుంది. కోడలు కూర్చుంటే ముసలావిడ లేస్తుంది, ముసలావిడ కూడా కూర్చుంటే టీ పిన్ని లేస్తుంది. ఎవరో ఒకరు లేస్తారన్న ధైర్యంతోనే ఆ కనుబొమలు అలా లేస్తాయి. అత్తగారి మణికట్టు పట్టుకుని కిందకి లాగింది.

"కూర్చోండి అత్తయ్యా. మిమ్మల్ని కూడా కూర్చోమన్నారు."

"వాడు నిలబడిపోయాడే..."

"నిలబడనీండి."

అత్తగారు బెంచీ మీద కూలబడింది. ఏం చేయాలో తెలియక చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పాస్టరు గొంతు సవరించుకుని, "ఒక కీర్తన పాడండి," అని, గౌను ఎత్తి పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళాడు. కీర్తన ఎవరూ ఎత్తుకోలేదు. మధ్యలో ఉన్నది ఒక్క తెర. అందరికీ వినిపిస్తోంది. అర తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు, పూలకుండీ ఏదో దొర్లిన చప్పుడు. ఆ తర్వాత, చర్చి ఎప్పుడూ వినని గొంతు, ఇల్లు మాత్రమే ఎరిగిన గొంతు, తెర దాటి వచ్చింది.

"ఏమే! ఎక్కడ తగలేశావ్ ఆ సీసా?"

పుల్పిట్ మీద తేనె కారే గొంతు అది. కొత్త పెళ్ళికూతురు మొగుడు తల దించుకున్నాడు. ఆ పిల్ల తల దించలేదు. ముందు బెంచీనే చూస్తోంది.

అన్నేళ్ళలో ఆరాధన మధ్య ఆమె నోరు విప్పింది లేదు. ఇప్పుడు కూర్చున్నచోట నుంచే, వెనక బెంచీకి కూడా వినపడేలా చెప్పింది.

"కింది అరలో ఉంది. మూత బిగుసుకుపోయి ఉంటుంది. తడిగుడ్డ చుట్టి తిప్పండి."

చాలాసేపటికి ఆయన బయటికి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. గంజి పెట్టిన తెల్లగౌను ముందుభాగమంతా, ఛాతీ నుంచి మోకాళ్ళ దాకా, ఊదారంగు. ఒక్కో కప్పూ తిరగేసి, ఒక్కోదాన్నీ నింపడం మొదలుపెట్టాడు. సగం పళ్ళెంలో పడుతోంది. జనం ఓపిగ్గా ఎదురుచూశారు. అది ఎంతసేపు పట్టే పనో వాళ్ళకి మొదటిసారి తెలుస్తోంది.

ఆమె చూపు గౌను మీద ఆగింది. ద్రాక్ష మరక ఆరకముందే ఉప్పు రుద్ది చన్నీళ్ళలో ముంచాలి. ఆరితే ఇక చచ్చినా పోదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

పక్కన అత్తగారు కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, ప్రార్థన చేస్తున్నట్టే పెదవులు కదిపింది.

"తడిగుడ్డ సంగతి చెప్పకుండా ఉండాల్సింది అమ్మాయ్."

ఆమె కూడా కళ్ళు మూసుకుంది.

"మరక సంగతి చెప్పనులెండి అత్తయ్యా," అంది.