తోయడానికి మరో మాట

ప్రొద్దుటూరు నుంచి తార్నాకకు వచ్చి ఆరు నెలలైనా శారదకు ఇక్కడ దొరికింది ఒకే ఒక్క మనిషి, ప్రమీలమ్మ. ఆమెకు అడిక్‌మెట్‌లో సొంతిల్లు, పైన చదువుకునే పిల్లలకు అద్దె గదులు. పొద్దున్నే శారద స్కూటీ మీద, ప్రమీలమ్మ నడిచి యూనివర్సిటీలోకి వచ్చి ఆర్ట్స్ కాలేజీ ముందు కలుసుకునేవారు. పేరుకు నడక. అరిగేది మాత్రం నోళ్లే.

ఇంట్లో ఆ సౌకర్యం లేదు. ప్రభుత్వాఫీసులో పనిచేసే భర్త గంగాధర్ మాట్లాడేవి మూడే మాటలు: ఊ, ఊహూ, చూద్దాం. పండగలప్పుడు 'ఉప్పెక్కువైంది' కూడా వాడతాడు.

ఒకరోజు ప్రమీలమ్మ తన కూతురి అత్తగారైన వియ్యపురాలు కమలాదేవిని వెంటబెట్టుకొచ్చింది. దూరం నుంచే శారదను చూపించి, "గామెనే వదినా, నా దోస్తు. డిగ్రీ సదివింది. మస్తు మర్యాద!" అంటోంది.

ఆ మర్యాదస్తురాలి స్కూటీ అప్పుడే నడిరోడ్డు మీద ఆగిపోయింది.

"ఏమైంది చెల్లె? మేమేమన్న జెయ్యాల్నా?"

"మీరేం చెయ్యొద్దుక్కా, ఊరికే దొబ్బెయ్!" అంది శారద నవ్వుతూ, హ్యాండిల్ గట్టిగా పట్టుకుని.

బండి కదల్లేదు. వెనక్కి తిరిగి చూస్తే రెండు చీరలు గబగబా అడిక్‌మెట్ వైపు వెళ్లిపోతున్నాయి. పాపం, ఏం అర్జెంటో అనుకుని తనే దిగి తోసుకుంది.

మర్నాడు ప్రమీలమ్మ రాలేదు. ఫోనెత్తలేదు. ఆ తర్వాతా అంతే. శారద ఒక్కతే నడిచింది. ఓ పొద్దున చేతికి గడియారం ఉండగానే ఒక విద్యార్థినిని టైమెంతైందని అడిగింది. ఆ పిల్ల చెవుల్లోంచి తీగలు లాగి, "హా ఆంటీ?" అంది. ఆ రెండు మాటలతోనే ఆ పూట గడిచింది.

ఆదివారం ఇల్లు దులుపుతూ, "ఈ బీరువా కొంచెం అట్ల దొబ్బండి" అంది భర్తతో.

గంగాధర్ ముందు వెళ్లి కిటికీ మూశాడు.

"ఆ మాట అనాకు. ఈడ బూతు. దొబ్బెయ్ అంటే పొమ్మని తిట్టినట్టు."

శారద చీపురుతో సహా కింద కూర్చుంది. "మీకెప్పుడు తెలిసింది?"

"వచ్చిన వారానికే. ఆఫీసులో తలుపు దొబ్బమంటే అందరూ నవ్వినారు."

"నాకు చెప్పకూడదా?"

"నువ్వీడ ఎవరితో మాట్లాడతావులే అనుకున్యా."

ఆరు నెలల్లో ఆయన ఆమె గురించి ఆలోచించినట్టు తెలిసింది ఆ ఒక్కసారే.

సాయంత్రం అడిక్‌మెట్ వెళ్లింది. ప్రమీలమ్మ గుమ్మంలో నిలబడింది గానీ రమ్మనలేదు.

"అక్కా, మా పక్క దొబ్బడమంటే తోయడమేక్కా. బండిని తొయ్యమన్యా. నిన్ను పొమ్మంటానా నేను?"

ప్రమీలమ్మ కాసేపు తేరిపార చూసింది. తర్వాత నవ్వు మొదలైంది. గోడ పట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

"నీ పాడుగాను! ఆ రాత్రంత నిద్ర లేదు నాకు. ఏం తప్పు జేస్తిని, గింత మాటన్నదని!"

"మీ వియ్యపురాలికీ నేనొచ్చి చెప్తాక్కా."

నవ్వు ఆగింది. "వద్దు తియ్యి. నీ దోస్తులు గిసుంటోళ్లా అని మా బిడ్డ ముంగటనే అన్నది. గా పిల్ల మొఖం మాడిపోయింది. నీతోని తిరుగనని ఒట్టేసిన. ఇప్పుడు నువ్వు పోయి చెప్తే ఇంకో రామాయణమైతది."

మర్నాడు ఆర్ట్స్ కాలేజీ ముందు ప్రమీలమ్మ ఉంది. శారదకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఏ మాట ఎక్కడ బూతో తెలియక ఒక్కో మాటా ఏరుకుని మాట్లాడింది.

"ఏంది చెల్లె, రేడియోల వార్తలు సదివినట్టు?" అని ప్రమీలమ్మ నవ్వుతుండగానే ఆమె ఫోన్ మోగింది. తెర చూసి గొంతు సవరించుకుంది.

"ఆ వదినా... లే, ఎవ్వరు లేరు. ఒక్కదాన్నే నడుస్తున్న."

శారద అడుగులు నెమ్మదించాయి. తన చెప్పుల చప్పుడు ఫోన్లో పడకుండా కాస్త వెనకబడి, చెట్ల కిందకు జరిగి, ఆ మాట పూర్తయ్యేదాకా ఆగింది.