సూది లేని పరీక్ష

మా అక్క మొగుడికి సూదంటే ప్రాణభయం. ఆయన ఉద్యోగం మాత్రం హెచ్‌ఐవీ పరీక్షకు వచ్చినవాళ్ళకి భయం పోగొట్టడం. మా ల్యాబ్ పక్క గదిలో కౌన్సెలర్‌గా కూర్చుని, "తెలుసుకుంటే సగం గండం గట్టెక్కినట్టే" అని తొమ్మిదేళ్ళుగా చెబుతున్నాడు. తన రక్తం మాత్రం ఒక్కసారీ తీయనివ్వలేదు.

ఏడాదిగా బావ చిక్కిపోతున్నాడు. జ్వరం వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. అక్క రోజూ ఒక బి-కాంప్లెక్స్ మాత్ర మింగించి పనికి పంపుతుంది. నాకు ఫోన్ చేసి, "మీ బావకి ఎలాగైనా అన్ని పరీక్షలూ చేయించవే, నా మాట చెవిన పెట్టడు" అంటుంది. ఆ 'అన్నిటి'లో ఏమేం ఉన్నాయో మేమిద్దరం పైకి అనుకోలేదు. ఆయన పాత జీవితం గురించి నాకు తెలిసింది తక్కువ, అక్కకి తెలిసింది ఇంకా తక్కువ.

అందుకే మూత్రంతో చేసే కొత్త కిట్లు వచ్చినప్పుడు నా అంత సంబరపడినవాళ్ళు లేరు. ఆ కిట్టు వైరస్‌ని వెతకదు. దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు మూత్రంలో ఉన్నాయేమో చూస్తుంది. ఒక గీత వస్తే లేనట్టు. రెండు వస్తే అనుమానం, రక్తం తీసి ఖాయం చేసుకోవాలి. అదెంత నమ్మదగిందో తేల్చే పని మాకప్పగించారు. జబ్బు ఉన్నవాళ్ళ నమూనాలు మూడు వందలు పెడితే మూడు తప్ప అన్నిటినీ పట్టుకుంది. ఇక లేనివాళ్ళకు లేదని చెబుతుందో లేదో చూడాలి. దానికి పెద్ద డాక్టరుగారు ఎక్కడో వెతకలేదు. "మన స్టాఫ్ ఇరవైమంది ఉన్నారుగా" అన్నారు.

'సిగ్గెందుకు, భయమెందుకు' అని ఊరంతా కరపత్రాలు పంచే మా స్టాఫ్ మొహాలు ఒక్కసారిగా మాడిపోయాయి. హెడ్ క్లర్కుగారికి ఆ రోజు నుంచే నడుంనొప్పి మొదలైంది. అయినా చెప్పిన రోజుకి ఇరవై సీసాలూ నా బల్ల మీదికి వచ్చాయి.

ఎనిమిదింటికి ఒక గీత వచ్చింది. పన్నెండింటికి రెండేసి. జాబితాలో బావ నంబరు చూసి, పొరబడ్డానేమోనని మళ్ళీ చూశాను. తర్వాత మిగతా పదకొండూ చూశాను. హెడ్ క్లర్కు, పెద్ద నర్సు, డ్రైవరు, ఇంకా చాలామంది పెద్దమనుషులు. ఇంతమందికి ఉండే అవకాశమే లేదనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

డాక్టరుగారు ఒక్కొక్కరినే పిలిచి రక్తం ఇమ్మన్నారు. పదకొండుమందీ గునుస్తూనే చేయి చాపారు. ఎవరికీ ఏమీ లేదు. బావ మాత్రం నవ్వేశాడు.

"పదకొండు తప్పయినప్పుడు పన్నెండోది ఒప్పవుతుందా? ఓ సూది దండగ" అన్నాడు.

డాక్టరుగారు కూడా, "ఇరవైమందిలో ఇంతమందికి లేని జబ్బు అంటగట్టే కిట్టు మనకెందుకు?" అని రిపోర్టు రాయడానికి కూర్చున్నారు. పదకొండుమందీ టీ తాగుతూ కిట్టుని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. ఆ సాయంత్రం నేను అక్కకి ఫోన్ చేసి, "బావకేం లేదులే, బెంగపడకు" అన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను.

మర్నాడు పారబోద్దామని ఫ్రిజ్‌లోంచి ఆ ట్రే తీశాను. ఎనిమిది సీసాలు ఎనిమిది రంగుల్లో ఉన్నాయి. మిగతా పన్నెండూ ఒకే నిగనిగలాడే పసుపు. బి-కాంప్లెక్స్ మింగినవాళ్ళ రంగది. పన్నెండుమందీ ఒకే మాత్ర మింగారంటే నమ్మడానికి నేను నిన్నగాక మొన్న చేరినదాన్ని కాదు.

పెద్ద నర్సుని పక్కకు పిలిచి అడిగాను. మొదట నీళ్ళు నమిలింది.

"ఏం చెప్పమంటావు, ఎవరిది వాళ్ళం ఇవ్వడానికి మనసొప్పలేదు. ఎవరి భయాలు వాళ్ళకుంటాయిగా. పొద్దస్తమానం జాగ్రత్తల గురించే చెప్పే మనిషి కదా అని మీ బావనడిగాం. ఆయన కాదనలేక లీటరు సీసాలో తెచ్చిచ్చాడు. తలా కాస్తా పంచుకున్నాం. తీరా రెండు గీతలొచ్చాయనేసరికి, ఆ మచ్చ పడేకంటే రక్తం ఇవ్వడమే నయమనిపించింది."

"అంటే కిట్టు పదకొండుమంది విషయంలో తప్పలేదు. ఒక్క మనిషినే పన్నెండుసార్లు పట్టుకుంది" అన్నాను.

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. కుర్చీ కోసం చేత్తో తడుముకుని కూర్చుంది. తమకేం లేదని తేలిన సంతోషంలో, ఆ సీసా అసలు ఎవరిదన్న ఆలోచన పదకొండుమందిలో ఒక్కరికీ రాలేదు. కాసేపటికి తనే లేచి, రిపోర్టు ఆపించడానికి డాక్టరుగారి గదికి వెళ్ళింది. మిగతావాళ్ళు తేలు కుట్టిన దొంగల్లా ఆమె వెనకే నడిచారు.

నేను బావ గదిలోకి వెళ్ళి తలుపేశాను.

"ఆ లీటరు సీసా..." అన్నాను.

"తెలుసు. పన్నెండని విన్నప్పుడే తెలిసింది. పదకొండుమందికి సీసా ఇచ్చింది నేనే కదా. మీరంతా కిట్టుని తిడుతుంటే, నిజంగానే దాని తప్పేమో అనుకుందామని చూశాను."

నాకు ఒళ్ళు మండింది. "మరి అక్క?"

 బావ చొక్కా చేయి పైకి మడిచి చేతిని బల్ల మీద పెట్టాడు. సూది కనపడకుండా మొహం గోడవైపు తిప్పుకున్నాడు. రక్తం తీశాను. మూడు రకాల పరీక్షలూ ఒకే మాట చెప్పాయి. ఆ మాట ఆయనకు చెప్పాల్సింది నేనే అయ్యాను. మందులున్నాయనీ, వేళకి వేసుకుంటే నిండునూరేళ్ళు బతకొచ్చనీ నేను తడబడుతూ చెబుతుంటే మధ్యలో రెండుసార్లు ఆయనే నా మాట సరిచేశాడు.

"మీ అక్కకి నువ్వు చెప్పవా?" అన్నాడు చివరికి.

"ఇదే మాట ఎంతమంది మొగుళ్ళు నిన్ను అడిగుంటారు బావా? వాళ్ళకేం చెప్పేవాడివి?"

 బావ ఫోన్ అందుకున్నాడు. గది చిన్నది కావడంతో అక్క గొంతు నాకూ వినిపిస్తోంది.

"పరీక్ష చేయించుకున్నాను" అన్నాడు. "మందులు వాడాలి. ఇంటికొచ్చాక అన్నీ చెబుతాను. రేపు నువ్వూ వచ్చి రక్తం ఇవ్వాలి."

నేనెక్కడ పని చేస్తానో, బావ దేనికి కౌన్సెలరో అక్కకి తెలుసు. 

"పరగడుపున రావాలా?" అని అడిగింది.

"అక్కర్లేదు" అన్నాడు బావ. "తినేసి రా."