గుడ్లగూబ వెండి కాసు

ఇలా దగ్గరకు జరగండర్రా. గట్టిగా చెబితే తవిటయ్యకు వినబడుతుంది, పాపం ఆయనకు పరువెక్కువ.

బర్మామైన్స్ పేటలో ఉండే తవిటయ్య ఉక్కు కార్ఖానాలో ఇనుము కరిగించేవాడు. జీతం రాగానే అందరూ బియ్యం కొంటే, ఆయన గ్రీకు రాజుల నాణేలు కొనేవాడు. గోల్‌మురి బజారులో గొడుగులు బాగుచేసేవాడి దగ్గర గ్రీకు రాజు సికిందరు కాలపు బంగారం, వెండి దొరికేవి మరి. సికిందరు అంత దూరం వచ్చింది గొడుగు బాగుచేయించుకోవడానికే కాబోలు.

ఒకనాడు వెండి కాసు తెచ్చాడు. ఒకవైపు ఏదో దేవత, రెండోవైపు గుడ్లగూబ. దానికి బదులు భార్య దాలమ్మ కడియాలు ఇచ్చేసి వచ్చాడు. అవి ఆమె తల్లి పోతూ పోతూ తన కాళ్ళవి తీసి తొడిగినవి.

"ఏటి మావా, మాయమ్మ కడియాలిచ్చేసి గుడ్లగూబని తెచ్చినావా?"

"నీకేటి తెలుసే. రెండువేలేళ్ళ నాటి వెండి. కడక్కు. ఆ మకిలే దాని ఇలువ."

"అలాగైతే నీ బనీన్లు కూడా ఉతకనులే. ఇలువ పెరుగుతాది."

ఆమె దాన్ని వీధిలోకి విసిరేసేదే. పక్కింటి బెంగాలీ ఆవిడ చూసి, గుడ్లగూబ లక్ష్మీదేవి వాహనమంది. మన ఇంట్లో చావుపిట్ట, గోడ దాటితే దేవుడి బండి. సరే, శుక్రవారం పూజలో పెడదామనుకుంది దాలమ్మ. మకిలి కాసును అమ్మవారి ముందు ఎవరు పెడతారు? చింతపండు, బూడిద వేసి, కడియాల మీది బెంగంతా కలిపి తోమింది. తడి ఆరకుండానే పసుపు రాసి కలశం పక్కన ఉంచింది.

తెల్లారేసరికి గుడ్లగూబకు తుప్పు పట్టింది.

"రెండువేలేళ్ళు సెడనిది నీ సింతపండుకి సెడిపోనాది," అని తవిటయ్య తల పట్టుకున్నాడు. దాలమ్మ నిజంగానే తన తప్పనుకుని బిక్కచచ్చిపోయింది. అప్పుడే వచ్చిన ఆమె తమ్ముడు, ఇనుప తుక్కు ఏరే అసిరయ్య, జేబులోంచి అయస్కాంతం తీసి కాసు దగ్గర పెట్టాడు. దేవతా గుడ్లగూబా కలిసి ఎగిరి దానికి అతుక్కున్నాయి.

"రోజూ ఇనుం కరిగిత్తావు గదా బావా. ఇంటికొత్తే గుర్తుపట్టవేటి?"

"సికిందరు కాలంలో ఎండి అలాగే ఉండీది," అన్నాడు తవిటయ్య.

దాలమ్మ తలెత్తింది. "అయితే ఇది అట్టుకెళ్ళి నా కడియాలు అట్టుకురా."

గొడుగులవాడు ఉంటేనా? చివరికి తవిటయ్య తన సైకిలు కంసాలికిచ్చి కొత్త కడియాలు తెచ్చాడు. తల్లి కాలికి అరిగి నున్నబడిన ఆ పాతవి కావు. అయినా దాలమ్మ తొడుక్కుంది, ఆయన నడిచి డ్యూటీకి వెళుతుంటే గుమ్మంలో నిలబడి గలగలలాడించింది. లక్ష్మి వాహనం పూజలో ఉంది, ఆయన వాహనమే పోయింది.

గుర్తుంచుకుని మీ పిల్లలకూ చెప్పండర్రా, గొడుగు సంగతి వదలకుండా. తవిటయ్య ఎదురుపడితే మాత్రం, అది వెండే అనండి.