గోడ తెర మీదికి దూకిన మార్కులు

అమ్మిన సరుకు మీద ఫిర్యాదు వస్తే నేను బెదరను. ఫిర్యాదుకు కారణం దొరకకపోతేనే నాకు నష్టం. పాత కంప్యూటర్లు కొని, బాగుచేసి, లినక్స్ ఎక్కించి అమ్ముతాను. ఒక ఊళ్ళో పేరు చెడితే చుట్టుపక్కల మూడు ఊళ్ళలో గిరాకీ పోతుంది.

ఆ వేసవిలో మా నార్త్ డకోటా కౌంటీ ఫెయిర్‌కు, అంటే ఏటా వంటలకూ కుట్లకూ పోటీలు పెట్టే సంతకు, ఒక కంప్యూటర్, రెండు తెరలు అమ్మాను. పెద్ద తెర పోటీల షెడ్డు గోడకు, జనం వైపు. దాని మీద పోటీల వేళలు. చిన్నది పోటీల లెక్కలు చూసే మార్లిస్ బల్ల మీద. జడ్జీలు వేసిన మార్కులు ఆమె అందులో ఎక్కిస్తుంది. సాయంత్రం నాలుగింటికి బహుమతులు ప్రకటించేదాకా ఆ మార్కులు ఆమె ఒక్కతే చూడాలి. ఇరవై రెండేళ్ళుగా అలాగే జరిగింది.

మొదటి రోజు జామ్‌ల పోటీ. మధ్యాహ్నం మార్కుల పట్టీ మొత్తం గోడ మీద ప్రత్యక్షమైంది. రెండో రోజు ఊరగాయల పోటీలోనూ అంతే. రెండుసార్లూ మార్లిస్ బల్ల దగ్గర లేదు, చర్చివాళ్ళ కొట్టు దగ్గర సూపు తాగుతోంది.

మూడో రోజు పొద్దున ఫెయిర్ అధ్యక్షుడు ఆర్విడ్ నన్ను పిలిపించాడు.

"నిన్న ఊరగాయల పోటీలో ఎర్నా తనకి మూడో బహుమతేనని గోడ మీద చదువుకుని, జాడీ చంకన పెట్టుకుని ఇంటికెళ్ళిపోయింది, డారెల్. డెబ్బై దాటిన మార్లిస్‌కు కంప్యూటర్ ఎందుకిచ్చావని నన్ను తిడుతోంది. ఇవాళ కేకులు. ఇవాళ కూడా జరిగితే మార్లిస్‌ను ఆ కుర్చీలోంచి లేపక తప్పదు."

బల్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ముందుజాగ్రత్తగా గోడ తెర మీద క్విల్టుల విభాగం నుంచి తెచ్చిన బొంత ఒకటి కప్పించాను. తీగలు కదిపి చూశాను. విండోలు తెరిచాను, మూశాను. పట్టీ ఉన్న చోటే ఉంది. పేరు సంగతి అలా ఉంచి, అది ఏ దారిన గోడ మీదికి వెళ్తోందో తెలుసుకోవాలన్న ఆత్రం పట్టుకుంది నాకు.

"నువ్వు చూస్తుంటే సిగ్గుపడుతోందేమో," అంది మార్లిస్.

పన్నెండయింది. ఆమె లేచింది.

"రోజూ ఏం చేస్తారో అదే చేయండి. నేను ఇక్కడ లేననుకోండి."

"సూపు తాగడానికి ఎలా వెళ్తారో కూడా నేర్పాలా నాయనా?"

పెన్నుకు మూత పెట్టింది. సంచి భుజానికి తగిలించుకుంది. కుర్చీ లోపలికి తోసింది. చేయి దానంతటదే తెర కిందికి పోయి మీట నొక్కింది. చిన్న తెర ఆరిపోయింది.

పరుగెత్తి బొంత అంచు ఎత్తాను. మార్కులన్నీ అక్కడున్నాయి. చూడనట్టు బొంత వదిలేశాను.

"ఆ మీట ఎందుకు నొక్కారు?"

"నేను లేనప్పుడు ఎవరూ తొంగిచూడకుండా. కాగితాల కాలంలో బోర్లించి వెళ్ళేదాన్ని. పాత కంప్యూటర్‌కు ఒకటే తెర, దాన్నీ ఆర్పే వెళ్ళేదాన్ని."

మీట నొక్కితే తెర ఆరిందని ఈ కంప్యూటర్ అనుకోదు. తెరే లేకుండా పోయిందనుకుంటుంది. ఇల్లు కూలితే సామాను పక్కింట్లో పెట్టినట్టు, విండోలన్నీ మిగిలిన తెర మీదికి చేరుస్తుంది. ఇదంతా చెప్పి, ఇకనుంచి తెర ఆర్పకుండా పట్టీ మూసి వెళ్ళమన్నాను. మార్లిస్ కుర్చీలో కూలబడింది.

"అయితే నా చేత్తో నేనే చేశానన్నమాట. ఎర్నా అన్నది నిజమే."

తప్పు కంప్యూటర్‌దంటే నా పేరు పోతుంది. మార్లిస్‌దంటే ఆమె కుర్చీ పోతుంది. తూచి చూస్తే తప్పు బరువు నా వైపే ఎక్కువ. లేచి వెళ్ళేటప్పుడు ఏం చేస్తారని అమ్మిన రోజే అడగాల్సింది నేను.

కేకుల పట్టీ మూసి, ఖాళీ పట్టీ ఒకటి తెరిచాను. ఆర్విడ్‌నూ, ఇంటి నుంచి ఎర్నానూ పిలిపించి, నేను అడగాల్సింది అడగలేదని ముందే ఒప్పుకున్నాను.

"మీరు లేచి వెళ్ళాలి. ఇందులో మార్కులున్నాయనుకోండి, ఎవరూ చూడకూడదు. ఏం చేస్తారు?" అని ఎర్నాను అడిగాను.

"ఇదేం ప్రశ్న? ఆర్పేస్తాను," అంటూ మీట నొక్కింది.

బొంత ఎత్తి చూపించాను. ఆమె వెనక్కి వెళ్ళి తెర వెలిగించింది, మళ్ళీ ఆర్పింది, మళ్ళీ వచ్చి తొంగిచూసింది. మూడుసార్లు తిరిగింది.

"గుట్టు దాచమంటే రట్టు చేస్తుందే ఇది!"

"ఇప్పుడు కుర్చీ సంగతేమిటి?" అన్నాడు ఆర్విడ్.

"ఏమిటేమిటి? నేను కూర్చున్నా అదే నొక్కేదాన్ని. ఆమెను పని చేసుకోనివ్వు." ఎర్నా పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. "పట్టీ తెరువు మార్లిస్, ఎలా ఎక్కిస్తావో చూస్తాను."

"నీ కేకు ఉంది ఇందులో," అంది మార్లిస్. "నాలుగింటికి రా."