పత్తికుప్ప మీద ఆకుపచ్చ జెండా

డెబ్బై ఎనిమిదిలో ఆదోనిలో పత్తి విరగపండింది. మా జిన్నింగు మిల్లు ఆవరణలో కుప్పలు మిద్దెలను దాటి లేచాయి. మధ్యాహ్నపు ఎండలో నూగు తేలుతుంటే ఏది పత్తో ఏది మబ్బో తెలిసేది కాదు. అన్నం తిన్నాక మేం ఆడకూలీలం గోతాలు పరుచుకుని పైనుంచి కిందికి జారేవాళ్ళం. పెళ్ళయినవాళ్ళం, పిల్లల తల్లులం, అయినా సిగ్గు లేదు. జారుతుంటే ఒంట్లో బరువంతా పోయేది. కింద ఆగాక కూడా కాసేపు నేల మీద ఉన్నట్టు అనిపించేది కాదు.

మా అన్న గులాం మొహిద్దీన్ పట్టాళంలో వంటవాడు. ఆ నెల కాశ్మీరు నుంచి సెలవు మీద వచ్చి, నాకు క్యారేజీ తేవడానికి మిల్లుకొచ్చాడు. మేం జారడం చూసి నవ్వుతాడనుకున్నాను. అన్న మొహం పాలిపోయింది.

"ఆడ మంచుకొండ మీద గూడా ఇట్లే జారతారు రజియా, కాళ్ళకు చెక్కలు కట్టుకోని. పైన మెత్తగ నున్నగ ఉంటాది, లోపల డొల్ల. నా దోస్తు అట్లే పోయినాడు. నేనే తవ్వినా. తవ్వి తీసేసరికి..." ఖాళీగా ఉన్న తన రెండు చేతులూ నాకు చూపించాడు.

తర్వాత కుప్ప చుట్టూ తిరిగాడు. గంపలు నింపడానికి పత్తి కిందినుంచే లాగి లాగి ఒక పక్కన గుహ చేసేశాం. పైన మాత్రం నిండుగా, అందంగా ఉంది.

"డొల్లగున్న సోట ఆడ ఎర్రగుడ్డ కడతారు. అది సూస్తే ఎవరూ పోరు. గుడ్డ ఇయ్యి" అన్నాడు.

నా దగ్గర ఎర్రది లేదు. పాత ఆకుపచ్చ ఓణీ ఇచ్చాను. అన్న దాన్ని వెదురుకర్రకు కట్టి, నిచ్చెన మీదనుంచి ఒంగి కుప్ప అంచున గుచ్చాడు. కర్రకు ఆకుపచ్చ గుడ్డ ఎగిరితే మా ఊళ్ళో ఒకటే అర్థం, అక్కడ పీరు ఉన్నాడని. ఎనిమిదేళ్ళుగా ఊరికి దూరమైనవాడికి తట్టలేదు సరే, ఇక్కడే పుట్టి పెరిగిన నా బుద్ధి ఏమైందో!

మర్నాడు అన్నం వేళకు, నాతో గంప మోసే ఉచ్చీరమ్మ పీరుకు చదివించే చక్కెర పొట్లం పట్టుకుని కుప్పెక్కింది. ఏడేళ్ళుగా పిల్లలు లేక, కనబడిన పీరుకల్లా మొక్కే మనిషి. జెండా దగ్గర కళ్ళు మూసుకుని నిలబడింది. నేను కేక వేసేలోపే కుప్ప కూలింది. చప్పుడే లేదు. తెల్లటి దుమ్ము లేచి మెల్లగా వాలింది. ఉచ్చీరమ్మ లేదు.

అప్పుడే క్యారేజీ తెచ్చిన అన్న పరిగెత్తాడు. పత్తి తొక్కొద్దని అందరి మీదా అరిచి, బోర్లా పడుకుని తవ్వాడు. ఏడుస్తూ తవ్వాడు. చివరికి ముక్కు కనబడింది. వేలితో నోట్లో పత్తి తీశాడు. ఆమె దగ్గింది.

కళ్ళు తెరుస్తూనే "పీరుసామి బతికిచ్చినాడు" అంది.

మూడోరోజు నేను పనికి పోయేసరికి నా ఓణీ పక్కకుప్ప మీద ఎగురుతోంది. ఉచ్చీరమ్మే నాటించింది. కింద పదిమంది చక్కెరతో ఎక్కడానికి సిద్ధంగా ఉన్నారు. ఆ కుప్పా కింద డొల్లే. పరిగెత్తి అడ్డం నిలబడ్డాను.

"ఎక్కొద్దండి! అది పీరు జెండా కాదు, నా ఓణీ!"

"అట్లనగూడదు రజియా, కండ్లు పోతాయి" అంది హుసేనమ్మ, మాలో అందరికన్నా పెద్దది.

ఇక లాభం లేదని నేనే నిచ్చెన ఎక్కి, కర్ర పీకి దిగాను. దాని మీద అందరూ ఎరిగిన ఇస్త్రీపెట్టె మచ్చ చూపించి, ఓణీ తలమీద కప్పుకున్నాను. అందరి మొహాలూ వాడిపోయాయి. వాళ్ళ పీరును నేను ఎత్తుకుపోయినట్టు చూశారు. ఏడుపొచ్చింది గానీ ఓణీ తియ్యలేదు.

ఉచ్చీరమ్మ నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"అట్లయితే నన్ను బతికిచ్చింది ఎవరే?"

గేటు దగ్గర క్యారేజీతో నిలబడ్డ అన్నను చూపించాను. ఆమె పోయి, "సెయ్యి పట్టన్నా" అంది. అన్న దోసిలి పట్టాడు. అందులో చక్కెరంతా పోసింది.

అన్న ఆ చక్కెరను చూశాడు. "ఆడ మంచులో ఇంగ కొంచెం ముందు తవ్వింటే, వాడు గూడా..." అన్నాడు.

ఉచ్చీరమ్మకు ఆ 'వాడు' ఎవరో తెలియదు. చక్కెర జారిపోతున్న అన్న దోసిలి కింద తన చేతులు పట్టి, "తినన్నా" అంది.