మోచేతి మడత

"ఏమైతాది? రవ్వంత పూసుకుంటే చెయ్యేం ఊడిపోదులే."

గిన్నెలు తోముతుంటే మోచేతి మడతలో సబ్బునీళ్లు తగిలి చురుక్కుమంది. పోయిన నెల కొత్త సెంటు కలిపిన క్రీము పూసిన చోటు అది. వెంటనే ఆయన మాట గుర్తొచ్చింది. ఆయనంటే నా భర్త అజయ్ కుమార్. నంద్యాలలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ముఖానికి రాసుకునే క్రీము తయారుచేస్తాం. కొత్త సరుకు ఏదొచ్చినా ముందు ఇంట్లో ఆడవాళ్ల మోచేతి మడతలో పూసి చూడటం మా ఇంటి ఆనవాయితీ. నేను కాపురానికి రాకముందు ఆ చెయ్యి మా అత్త కృపమ్మది. వచ్చాక నాది. ఎర్రబడితే "నీ ఒళ్లు మరీ సుతారం" అంటాడు, ఎర్రబడకపోతే "చూసినావా, నేను చెప్పలే" అంటాడు. ఎటు తిప్పినా గెలుపు ఆయనదే.

నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. లైసెన్సులో సరుకుకు పూచీపడే మనిషిగా ఉన్నది నా పేరే. నేను సరేననందే ఒక్క డబ్బా కూడా షెడ్డు దాటకూడదు. జీతం మాటెత్తితే "ఇంటి పనికి జీతమేందీ" అన్నాడు. వంట ఇంటి పని, క్రీము ఇంటి పని, చివరికి నా చర్మం కూడా ఇంటి పనే అన్నమాట.

ఈసారి వచ్చింది ఒక తెల్లటి పొడి. ఏదో ల్యాబులో కొత్తగా పుట్టించిన రసాయనం, మంగు మచ్చలు పోగొడుతుందట. వంటయ్యాక, అత్తకు మాత్రలిచ్చాక, దాని గురించి దొరికిందల్లా చదివాను. దొరికింది కొంచెమే. గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద వేసి చూసి బాగుందన్నారు. మనుషుల మీద చూసింది చాలా తక్కువ. ఎండ తగిలితే ఏమవుతుందో ఎవరూ చూడనేలేదు. కొన్ని రసాయనాలు నీడలో బుద్ధిగా ఉండి, ఎండలోకి రాగానే చర్మాన్ని కాల్చేస్తాయి. మా క్రీము ఎక్కువగా అమ్ముడయ్యేది నా పుట్టినూరు ఆళ్లగడ్డలో. పొద్దున్నే ముఖానికి రాసుకుని, మిరపచేలలో కలుపు తీయడానికి ఆటో ఎక్కే ఆడవాళ్లే కొంటారు. మా సువార్తమ్మ పిన్ని కూడా వాళ్లలో ఒకతె. ఆమె ముఖం కళ్ల ముందుకొచ్చేసరికి నాకు ఒళ్లు మండింది.

మధ్యాహ్నం ఆయన ఆ పొడి వేసి కలిపిన క్రీము గిన్నెతో వంటింట్లోకి వచ్చాడు.

"ఫెబా, చెయ్యి పట్టు. రేపు ఆళ్లగడ్డ అంగళ్లకు పంపాల."

"పంపేది లేదు. ఎండకు ఏమైతాదో పరీక్ష చేసిన రిపోర్టు రావాల."

"ఈడ నీ చెయ్యి ఉండంగా రిపోర్టు యాడిదే?"

"నా చెయ్యి పొద్దస్తమానం ఈ వంటింట్లోనే ఉంటాది. దీనికి ఎండ యాడ తగుల్తాది? ఇన్నేండ్లూ మీరు చూసింది నీడలోనే."

ఆ మాట బయటికొచ్చేదాకా నాకూ అంత స్పష్టంగా తెలియదు. మమ్మల్ని గడప దాటనివ్వకుండా, మా చేతుల మీద పొలం వాళ్ల ముఖాలకు హామీ రాసుకున్నాడు.

బియ్యం ఏరుతున్న అత్త అలవాటుగా రవిక చెయ్యి పైకి మడిచింది. "నాకు పూయి నాయనా. దాన్ని ఇడ్సిపెట్టు."

ఆమె మోచేతి మడతలో పాత మచ్చలు తెల్లగా పొడలు కట్టి ఉన్నాయి. రవిక చెయ్యి నేనే కిందికి దించాను.

"నీకూ వద్దత్తా," అని ఆయన వైపు తిరిగాను. "నన్ను కాదని పంపితే లైసెన్సులోంచి నా పేరు తీయించుకుంటా. అంత నమ్మకముంటే ఎండలో తిరిగేది మీరే కదా, మీరే పూసుకోండి."

"నాకెందుకు? రేపు నలుగురిలో తిరగాల్సినోన్ని," అంటూ ఆయన గిన్నెను గట్టు మీద పెట్టి, చొక్కా చేతులు మణికట్టు దాకా లాక్కున్నాడు.

అత్త ఆ చొక్కా చేతుల్నే కాసేపు చూసింది.

"ఏమైతాది నాయనా? రవ్వంత పూసుకుంటే చెయ్యేం ఊడిపోదులే," అంది.

ఆయన పూసుకోలేదు. నేను క్రీమంతా గీకి చెత్తబుట్టలో వేసి, గిన్నె శుభ్రంగా తోమి బోర్లించాను.