ప్రేమమ్మకు గాలి తగిలిన శుక్రవారం

శుక్రవారం నాడు పద్మనగర్‌కు సప్పుడు లేక మెలకువ వస్తది. మిగిలిన ఆరు రోజులు సాంచాలు, అంటే బట్ట నేసే కరెంటు మగ్గాలు, టకటకమంటుంటే పసిపిల్లలు గూడా హాయిగా నిద్రపోతరు. శుక్రవారం కార్ఖానాలకు సెలవు. సాంచాలు ఆగంగనే ఎవరో తట్టి లేపినట్టు గల్లీ గల్లీ లేచి కూసుంటది.

ప్రేమమ్మ మాత్రం అంతకంటే ముందే లేస్తది. ఒకరు లేపితే లేచుడు ఆమెకు నచ్చదు. డెబ్బై రెండేళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళు కార్ఖానాలో నూలు కండెలు చుట్టింది. మడిచిన చీరె, తోమిన గిన్నె, తరిగిన వంకాయ ముక్క, ఏదైనా సరే ఆమె కంటి ముందర పాసు కావాల్సిందే. చదువంటే సంతకం పెడుతది, బైబిలులో తనకిష్టమైన కీర్తన ఏ పేజీలో ఉన్నదో వేలుపెట్టి చూపిస్తది, అంతవరకే. కాని ఎవరు ఎప్పుడు ఏమన్నరో అన్నీ తలకాయలో రాసిపెట్టుకున్నది. ఆ రాత చెరగదు.

శుక్రవారం పొద్దున గడ్డపార బుజాన పెట్టుకొని, షేర్ ఆటోలో టెంఘర్‌కు పోతది. టెంఘర్ వెనక ఒక గుట్ట ఉన్నది. ఒకప్పుడు దాని మీద మోదుగులు, తునికి చెట్లు, మోకాలెత్తు గడ్డి ఉండేదట. తర్వాత ఘాణేరి కంప దిగింది. ముట్టుకుంటే చేతులు కంపు కొట్టే కంప. గుట్టంతా అల్లుకొని గడ్డిపోచను గూడా బతకనియ్యలే. నాలుగేండ్ల కింద మరాఠీ బడి పంతులు అమోల్ ఇల్లిల్లూ తిరిగిండు. వారానికి ఒక్క పూట వచ్చి కంప తీస్తే చాలు, తన చెట్లు తనే మొలిపించుకుంటది గుట్ట అన్నడు. కూలి లేదు. మంచినీళ్ళు, వడాపావ్ ఇస్తడు. అయినా నలభై మంది దాకా వస్తరు. వారమంతా దూది పీల్చేటోళ్ళకు ఒక్క పూటన్నా పచ్చటిది చూడాలనిపిస్తది గదా.

పని పద్ధతిగా చెయ్యాలె. కంపను మీదమీద నరికితే లాభం లేదు. మొదలు కింద తవ్వి, వేరుముడి తీసి, తలకిందులు చేసి పెట్టాలె. వేరు లోపల ఉంటే తొలి వానకే మళ్ళీ లేస్తది.

పనిలో మోసం ఆ గుట్టకు గూడా నచ్చదు. వేరు లోపల వదిలి, మన్ను కప్పి, ఎవరు చూసిన్రులే అని దిగబోయేటోళ్ళను గుట్ట పడతది. ఎక్కేటప్పుడు ఏమనదు, దిగేటప్పుడే. అరికాళ్ళు నేలకు అతుక్కుంటయి. చెప్పులు ఇడిసినా అంతే. ఆ వేరు బయటికి వచ్చేదాక కాలు లేవదు. వేరు ఎవరు తీసినా గుట్ట వద్దనదు, కాని అది ఎక్కడున్నదో పట్టుబడ్డోళ్ళు నోరు విప్పి చెప్పాలె గదా, ఇంకెవరికి తెలుసు? రాత్రంతా నోరు విప్పక శనివారం కార్ఖానాకు ఆలస్యమైతే "గుట్ట పట్టింది సేట్" అంటే చాలు, సేటు తల ఊపి లోపలికి రానిస్తడు. పోయిన వానకాలం ఒక లీడరు తెల్లబట్టలేసుకొని వచ్చి, ఫోటోల కోసం ఒక మొక్క నాటిండు. ప్లాస్టిక్ సంచి తీయకుండనే నాటిండు. రెండు గంటలు గుట్ట మీదనే నిలబడి ఫోన్ల మీద ఫోన్లు మాట్లాడిండు. చివరికి సంచి సంగతి ఒప్పుకుంటే డ్రైవరు పోయి చింపి వచ్చిండు.

ఈ నాలుగేండ్లలో గుట్ట ప్రేమమ్మను ఒక్కసారి గూడా పట్టలే. అది ఆమె గొప్ప. అందుకే ఎవరికి ఏ కంప అని పంచే పని అమోల్ ఆమెకే అప్పజెప్పిండు.

మెల్లగ పద్మనగర్‌లో ఒక అలవాటు పడ్డది. పిల్లనిచ్చేటోళ్ళు పెండ్లికొడుకును ఒక శుక్రవారం గుట్టకు తోలిస్తరు. జీతమెంత, రూము సొంతమా కిరాయా అన్నవి తర్వాత. గుట్ట పట్టకపోతే పిల్లగాడు ఖరారు.

ప్రేమమ్మ మనుమరాలు శారోన్, పూర్ణ అనే ఊర్లో ఒక గోదాంలో పార్సిళ్ళు స్కాన్ చేసే పని చేస్తది. "చేసుకుంటే ఫిన్నీనే" అని ఇంట్లో చెప్పేసింది. ఆమె అమ్మానాన్నలు "నానమ్మ సరేనంటే మాకూ సరే" అని తప్పుకున్నరు. ఫిన్నీ సాంచాలు బాగుచేసే జాబర్. తాగడు. ఆదివారం చర్చికి వస్తడు. ఒకటే తక్కువ: ఓదెమ్మ మనుమడు.

ఓదెమ్మ చేసిన నేరం చిన్నది కాదు. పందొమ్మిదేండ్ల కింద, కార్ఖానాలో పన్నెండు మంది ముందర, "ప్రేమమ్మ చుట్టిన కండె వదులుంటది" అన్నది. ఆ రోజు నుంచి ప్రేమమ్మ ఆమెతో మాట్లాడలే. చర్చిలో ఓదెమ్మ ఏ పాట ఎత్తుకుంటే ఆ పాటకు నోరు మూసుకునేది. దేవునికి అర్థమైతదిలే అనుకునేది.

"గుట్ట వాణ్ని పట్టకపోతే నాకు ఒప్పే," అన్నది శారోన్‌తో. "పట్టిందా, ఇంక ఆ పేరు ఈ ఇంట్ల వినపడొద్దు."

"ప్రామిసేనా నానమ్మా?"

"నా మాటకు మళ్ళ ప్రామిసేందే?"

అన్నది గాని ఆ వారమంతా ఆమెకు అన్నం సయించలే. పిల్లగాడు జాబర్. చేతులకు పని తెలుసు. గుట్ట పట్టకపోతే? ఓదెమ్మతో వియ్యం. పండుగకు ఓదెమ్మ ఇంటికి పోవుడు, ఓదెమ్మ వండింది తినుడు, మంచిగున్నదని అనుడు.

ఆ శుక్రవారం తెల్లారంగనే, అందరికంటే రెండు గంటల ముందు, ప్రేమమ్మ ఒక్కతే గుట్ట ఎక్కింది. బండ పక్కన ఒక పెద్ద కంప ఎంచుకున్నది. పక్కన రెండు జానల గుంత తీసి, వేరు కోసేసింది. వేరు నిట్టనిలువుగ లేదు, ఎడమకు మళ్ళి బండ కిందికి పోయింది. కోసినాంక మన్ను పోసి, తొక్కి, మీద ఎండుటాకులు పరిచింది. ఎంత నీటుగ పరిచిందంటే, రెండడుగులు వెనక్కి పోయి చూసుకొని ఆమెకే ముచ్చటేసింది. పిల్లగాడు గుంజితే కంప వట్టిగనే వచ్చేస్తది, వేరు లోపలుంటది, గుట్ట పడతది. తను చేసేది తప్పని ఆమెకు అనిపించలే. పనిలో లోపం లేదు గదా.

ఎనిమిదింటికి అందరూ వచ్చిన్రు. ప్రేమమ్మ మొగుడు పేతురు వచ్చిండు. నలభై ఏండ్లు సాంచాల నడుమ నిలబడి ఆయన చెవులు పోయినయి, అందుకే ఆ ఇంట్లో కాపురం సాగింది. ఫిన్నీ వచ్చిండు. వెనకనే ఓదెమ్మ, చేతిలో కొడవలితో.

"నువ్వు గా బండ పక్కది తియ్యి," అన్నది ప్రేమమ్మ ఫిన్నీతో.

"సరే అవ్వా."

ఫిన్నీ నాలుగు పోట్లు తవ్వి, రెండు చేతులతో పట్టి గుంజిండు. కంప అల్కగ చేతిలోకి వచ్చింది. పిల్లగాడు దాని దిక్కు కొంచెంసేపు చూసిండు, మళ్ళీ గుంత దిక్కు చూసిండు. తర్వాత తలకిందులు చేసి పెట్టి, గుంత పూడ్చి, ఇంకో కంపకు పోయిండు. అవతల శారోన్ కంప తీస్తనే ఒక కన్ను ఇటే పెట్టింది.

పన్నెండింటికి దిగే యాళ్ళయింది. అందరూ బాట పక్కన నిలబడి పిల్లగాని కాళ్ళ దిక్కే చూస్తున్నరు. ఫిన్నీ కుడికాలు ఎత్తిండు, లేచింది. ఎడమకాలు ఎత్తిండు, లేచింది. దుమ్ము దులుపుకుంటా గుట్ట దిగిపోయిండు. శారోన్ మొఖమంతా పండ్లే కనపడ్డయి.

ఇదేం గుట్ట అనుకున్నది ప్రేమమ్మ. నాలుగేండ్లు సేవ చేస్తే ఇదా మర్యాద అనుకొని ఒక అడుగు ముందుకెయ్యబోయింది. కాలు లేవలే.

"నానమ్మా, పోదామా?" అన్నది శారోన్.

"మీరు పొండ్రి. గాలి మంచిగున్నది. జరసేపు నిలబడతా."

శారోన్ కాళ్ళ దిక్కు చూసింది. "నానమ్మా, గుట్టగిట్ట..."

"గాలి అన్ననా లేదా?"

అమోల్ రిజిస్టరు పట్టుకొని వచ్చిండు. పట్టుబడ్డోళ్ళ పేర్లు రాసుడు ఆయన పద్ధతి. "ఆజీ, క్యా లిఖూ?"

"హవా అని రాయి. గాలికి నిలబడ్డ."

అమోల్ హవా అని రాసిండు. అంత పెద్దమనిషితో వాదం పెట్టుకునే ధైర్యం ఎవరికున్నది?

గంట గడిచింది. గాలి పడిపోయింది, ఎండ ఎక్కింది. ఒక్కరు గూడా ఇంటికి పోలే. ఏదో యాదికొచ్చినట్టు అక్కడక్కడనే తిరుగుతున్నరు. పేతురు తువ్వాల తీసి పెండ్లాం నెత్తిన కప్పి, చేతిలో వడాపావ్ పొట్లాం పట్టుకొని పక్కన నిలబడ్డడు. అప్పుడు ఓదెమ్మ వచ్చి పేతురుకు అవతలి పక్క నిలబడ్డది.

"పేతురన్నా," అన్నది గట్టిగ. "వేరు ఎక్కడున్నదో చెప్పుమను నీ పెండ్లాన్ని. నేను పోయి తీసుకొస్తా."

పేతురు తల ఊపి, ఆమె చేతిలో ఒక వడాపావ్ పెట్టిండు.

"గామెకు చెప్పు," అన్నది ప్రేమమ్మ, ఆకాశం దిక్కు చూసుకుంట. "నేను వేర్లు వదిలే మనిషిని కాదని."

పేతురు పెండ్లానికి గూడా ఒక వడాపావ్ ఇచ్చిండు.

"మరి కాళ్ళెందుకు లేస్తలేవో అడుగన్నా."

"కాళ్ళు నావి. నా ఇష్టమున్నప్పుడు లేస్తయని చెప్పు."

చెప్పుటానికి ఇంకేం మిగల్లేదని పేతురు ఒకటి తనూ తిన్నడు.

అంతలో కింద నుంచి ఫిన్నీ మళ్ళీ ఎక్కి వస్తున్నడు, బుజాన గడ్డపార. గుట్ట ఒకసారి ఇడిసిన మనిషి అదే పూట మళ్ళీ ఎక్కుడు ప్రేమమ్మ ఎన్నడూ చూడలే.

"ఏందిరా? ఏమన్న మర్చిపోయినవా?"

"లేదవ్వా. గా బండ పక్క కంప... అంత అల్కగ రాదు. వేరు లోపల్నే ఉన్నట్టున్నది."

"గుట్ట నిన్ను ఇడిసింది గదా. పో ఇంటికి."

"ఇడిసింది. ఎందుకిడిసిందో తెలుస్తలేదు. ఆటో ఎక్కిన గాని మనసు నిలుస్తలేదు. ఉంటే మళ్ళ లేస్తది గదవ్వా."

పిల్లగాడు బండ దగ్గరికి పోయి తవ్వుడు మొదలుపెట్టిండు. ముప్పై అడుగుల దూరం. ప్రేమమ్మకు అంతా కనపడుతున్నది. నిట్టనిలువుగ తవ్వుతున్నడు. ఎంత తవ్వినా వేరు తగలదు, అది అటు లేనే లేదు. తవ్విన మన్నంతా పక్కన అప్పుడే మొలిచిన లేత గడ్డి మీద పోస్తున్నడు. ప్రేమమ్మ కండ్లు మూసుకున్నది. పార సప్పుడు వినపడ్డది. తెరిచింది. పిల్లగాడు ఇప్పుడు కుడిపక్కకు తవ్వుతున్నడు. కుడిపక్కకు! ఆమె పండ్లు కొరికింది, చీరె కొంగు పిండింది, ఒక కీర్తన మొదలుపెట్టింది. సగం చరణంలో ఆగిపోయింది.

"ఓరి నీ తెలివి తెల్లారా! గడ్డి మీద మన్ను పోస్తవేందిరా! ఎడమకు తవ్వు, ఎడమకు! వేరు బండ కిందికి మళ్ళింది! రెండు జానల లోతున కోసిన..."

నోటి మీద చెయ్యి పెట్టుకున్నది. కాని మాట పోయి అందరి చెవుల పడ్డది. చెవులు లేని పేతురు గూడా తిరిగి చూసిండు.

అమోల్ రిజిస్టరు తెరిచి, హవా అన్నది కొట్టేసిండు.

"నానమ్మా," అన్నది శారోన్ సన్నగ. "నువ్వు కోసినవా?"

ప్రేమమ్మ బతుకులో అబద్ధం చెప్పి ఎరగదు, గాలి సంగతి ఇడిసిపెడితే. "కోసిన," అన్నది.

ఇంక ఫిన్నీ ఏమంటడో అని అందరూ అటు చూసిన్రు. పిల్లగాడు గుంతలో నుంచి తల ఎత్తి, "ఎడమకేనా అవ్వా?" అని అడిగిండు.

"ఎడమకే."

తవ్విండు. పిడికెడు లావు వేరుముడి బయటికి వచ్చింది. ఆ క్షణమే ప్రేమమ్మ అరికాలి కింద నేల చల్లగ సడలింది.

ఇంటికి పోవచ్చు. తలకాయ వంచుకొని బాట పట్టి పోయినా ఎవరూ ఆపేటట్టు లేరు. ప్రేమమ్మ బాట దిక్కు పోలే. ఎదురు ఎక్కి గుంత దగ్గరికి పోయింది. వేరు అందుకొని, మన్ను దులిపి, ఎండకు పట్టి అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"తోక తెగింది. బెత్తెడు ఇంకా లోపలనే ఉన్నది."

గుట్టకు వచ్చినంత చాలు. ప్రేమమ్మకు చాలదు. ఫిన్నీ మళ్ళీ గుంతలోకి దిగిండు. ప్రేమమ్మ గట్టు మీద కూసొని వేలు పెట్టి చూపిస్తున్నది. శారోన్ వచ్చి, మన్ను గడ్డి మీద పడకుంట చేతులతో తోడి అవతల పోస్తున్నది. ఇంకా కోపంగనే ఉన్నది పిల్ల, కాని తోడుతున్నది.

ఓదెమ్మ వచ్చి గుంతకు అవతలి గట్టున కూసున్నది. నడుమ ఈసారి పేతురు లేడు.

"ప్రేమమ్మా, పాస్టరయ్యను పెండ్లి సంగతి మాట్లాడుటానికి ఎప్పుడు రమ్మందాం?"

పందొమ్మిదేండ్లు. బెత్తెడు తోక బయటికి వచ్చింది. ప్రేమమ్మ అందుకున్నది, చూసింది. చివర సన్నగ, దారమంత, తెగకుంట ఉన్నది. తప్పు పట్టుటానికి ఏమీ దొరకలే. ఓదెమ్మను క్షమించిందని కాదు, అది వేరే సంగతి, అది అట్లనే ఉంటది.

"ఎప్పుడన్న రమ్మను," అన్నది. "శుక్రవారం మాత్రం వద్దు. శుక్రవారం నాకు, మా పిల్లగానికి పనుంటది."